తప్పు నాదంటే నాది

యునోసె ఊరి ఆడపిల్లలు క్షమాపణ చెప్పడంలో జపాన్ మొత్తానికీ ముందుంటారు. ఫుట్‌బాల్‌లో మాత్రం తమ లీగులో కింది నుంచి రెండో స్థానంలో ఉన్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని కనిపెట్టడానికి ఊరికి ఎన్నో ఏళ్ళు, ముగ్గురు మగ మేనేజర్లు పట్టారు. కనిపెట్టింది మాత్రం ఆ ముగ్గురిలో ఎవరూ కాదు, వాళ్ళ వెనక నీళ్ళసీసాలు మోసిన ఇసోబె చిజురు.

చిజురుకి నలభై నాలుగేళ్ళు. ఆడే రోజుల్లో పగలు దారపు మిల్లులో పని, సాయంత్రం ఆ మిల్లు జట్టులో మిడ్‌ఫీల్డ్. చూడ్డానికి వచ్చేవాళ్ళకంటే ఆడేవాళ్ళే ఎక్కువగా ఉండే కాలమది. మోకాలు దెబ్బతిని ఆట ఆగింది, ఆ వెంటే మిల్లూ మూతపడింది. యునోసె వచ్చి చిన్నపిల్లలకి బంతి తన్నడం నేర్పింది. తర్వాత పెద్ద జట్టుకి సహాయకురాలైంది. సహాయకురాలంటే సీసాలు నింపడం, ఆట అయ్యాక చెమట చొక్కాలు ఏరడం, మేనేజర్ ఏమన్నా తలూపడం. మేనేజర్లు మారుతూ వచ్చారు. ఒకాయన కోబె వెళ్ళాడు. ఒకాయన పెళ్ళి చేసుకుని అత్తవారి ఊరు వెళ్ళాడు. మూడో ఆయన, ఆదాచిగారు, ఈ వేసవిలో ఏదో పెద్ద నగరం జట్టు పిలవగానే వారం తిరక్కుండా సామాను సర్దుకున్నాడు. వెళ్ళినవాళ్ళందరి చొక్కాలూ మడతపెట్టిన చిజురు మాత్రం ఉన్నచోటే ఉంది.

జట్టు ఆ ఊరి విడుదుల సంఘానిది. వేడినీటి స్నానాలకి వచ్చే అతిథుల్ని చూసుకునే విడుదులు తప్ప ఊళ్ళో వేరే వ్యాపారం లేదు. ఆదాచిగారు వెళ్ళాక సంఘం వాళ్ళు చిజురుని పిలిచి, "మంచి మనిషి దొరికేదాకా కాస్త చూస్తూ ఉండండి" అన్నారు. మంచి మనిషి దొరికేదాకానట. మరి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నది ఎవరనుకున్నారో. ఆమె "అలాగేనండి" అని బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఎగిరి గంతేసింది. పదిహేనేళ్ళుగా కోరుకున్న కుర్చీ అది. లేపేటప్పుడు చూద్దాం, ముందు కూర్చోనివ్వండి అనుకుంది. సంఘం వాళ్ళు మర్చిపోకుండా ఆమె మెడలో వేసుకునే కార్డు మీద 'తాత్కాలిక మేనేజర్' అని అచ్చు వేయించారు. ఆ మొదటి మాట రెండో మాటకంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆ వారమే ఆమె, ఆ ఏడు జట్టు ఇచ్చుకున్న గోల్స్ అన్నీ వీడియోలో వరసగా పెట్టుకుని చూసింది. సెంటర్ బ్యాక్ నగిసా పాస్ తప్పుగా కొడుతుంది. వెంటనే ఆగి, చేతులు తొడల మీద ఆనించి, కెప్టెన్ సుజుయో వైపు క్షమాపణగా వంగుతుంది. సుజుయో వయసులో పెద్దది, ఊరుకుంటే ఏం బాగుంటుంది? కేక వెయ్యడం నాదే ఆలస్యం అంటూ తనూ వంగుతుంది. వెనక నుంచి గోల్‌కీపర్ మదొకా, అసలు తప్పు నాదేనని వంగుతుంది. ముగ్గురూ కలిసి ఒక తప్పుని మర్యాదగా పంచుకుంటూ ఉండగా, అవతలి జట్టు అమ్మాయి వాళ్ళ మధ్య నుంచి బంతి తీసుకెళ్ళి గోల్‌లో పెట్టి వస్తుంది. ఒకసారైతే ఆ అమ్మాయి కూడా దాటుతూ దాటుతూ తల వంచింది.

చిజురు మొదట నవ్వింది. మళ్ళీ చూసి నవ్వు ఆపేసింది. వీళ్ళు ఆట రాక ఓడిపోవడం లేదు. విడుదుల్లో పొద్దున్నుంచి పరుపులు మోస్తూ, భోజనాల పళ్ళేలతో మెట్లెక్కి దిగే పిల్లలు, వాళ్ళకి దమ్ముకి లోటేమిటి? తప్పు చేశాక ఒక్క క్షణం ఆగిపోతున్నారు. ఆ క్షణంలోనే కొంప మునుగుతోంది. పదిహేనేళ్ళు పక్కనే నిలబడి తనకి కూడా ఇది కనిపించలేదంటే, తను కూడా తలవంచే ఉండి ఉంటుంది.

మర్నాడు అందర్నీ మైదానంలో గుండ్రంగా కూర్చోబెట్టింది. పాత అతిథులు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం మూడింటికి కొత్తవాళ్ళు వచ్చేలోపు దొరికే ఖాళీలోనే వాళ్ళ సాధన.

"ఇవాళ్టినుంచి ఈ గీతల లోపల ఎవరూ క్షమాపణ చెప్పకూడదు. వంగకూడదు కూడా. తప్పు జరిగిందా, ముందు బంతి వెనకాల పరిగెత్తండి. మిగతా మర్యాదలన్నీ స్నానాలయ్యాక చూసుకుందాం."

నగిసా చెయ్యెత్తింది. పొడుగ్గా, మేడ మీది దీపాలు స్టూలు లేకుండా మార్చేంత ఎత్తుంటుంది. ఊళ్ళో ఎక్కడ ఏ గిన్నె పగిలినా ముందుగా భుజాలు తడుముకునే రకం. "మరి నాదే తప్పని అందరికీ ఎలా తెలుస్తుందండి?"

"తెలియకపోవడానికి నువ్వేమన్నా దాచిపెట్టి చేస్తావా నగిసాచాన్? ఊరంతా చూస్తూనే ఉంటుంది."

పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"పొరపాటున నోరు జారితేనో?" అని సుజుయో అడిగింది.

"జారినవాళ్ళు నడి మైదానంలో నిలబడి, చిన్నప్పుడు తాము చదువుకున్న బడికి ఉన్న పాట మొదటి నుంచి చివరిదాకా పాడాలి. గట్టిగా."

"అయ్యో, క్షమించండి, నాకు రెండో చరణం రాదు" అంది నగిసా. మొట్టమొదట పాడింది తనే.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మొదటి వారమంతా ఆ మైదానంలో ఫుట్‌బాల్ కంటే సంగీతమే ఎక్కువగా జరిగింది. కొండల మీద, నదుల మీద, వెలుగుతున్న భవిష్యత్తు మీద ఆ జిల్లాలో ఎన్ని బడి పాటలున్నాయో అన్నీ వినిపించాయి. మదొకా చదివిన బడి మూతపడి చాలా కాలమైందట, పాడుతూ పాడుతూ ఏడ్చేసింది. పక్క పొలంలో ఉల్లికాడలు పండించే ముసలాయన పని ఆపి, గట్టు మీద కూర్చుని తాళం వేసేవాడు. మూడో వారం ఒక రోజు ఆయన కంచె దగ్గరికొచ్చి, "ఏమ్మా, ఇవాళ పాటల్లేవా?" అని నిష్ఠూరంగా అడిగాడు. లేవని చెప్పేటప్పుడు చిజురుకి గుండె పొంగిపోయింది. ఆ ఆదివారమే వాళ్ళు గెలిచారు. పై ఆదివారం కూడా గెలిచారు. ఆకులు ఎర్రబడేసరికి జట్టు ఒక మెట్టు పైకెక్కింది. ఆఖరి ఆట కూడా గెలిస్తే లీగులో నిలుస్తుంది, లేకపోతే కిందికి పోతుంది.

సరిగ్గా అప్పుడే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

పీతలు తినడానికి జనం ఎగబడి వచ్చే కాలం మొదలైంది. ఊరంతా అతిథులే. కసుమిరో విడిదిలో ఒక పొద్దున నగిసా ఫలహారాల పళ్ళెం పట్టుకుని గదిలోకి వెళ్ళింది. పళ్ళెం ఒరిగింది, సోయాతో చేసే మీసో చారు గిన్నె కోబె నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఒళ్ళో బోర్లా పడి, చాప మీద దొర్లుకుంటూ వసారా వైపు పోయింది. వేరే ఏ పిల్లయినా అక్కడికక్కడే నుదురు చాపకి ఆనించేది. నగిసా అలా చెయ్యలేదు. పెద్దమనిషి మీద నుంచి ఒక్క దూకు దూకి, గిన్నె వసారా అంచు దాటకముందే బోర్లా పడి పట్టుకుని, లేచి నిలబడి, "దొరికింది" అని అందరికీ చూపించింది. తప్పు జరిగితే ముందు దేని వెనక పరిగెత్తాలో ఆమెకి బాగా వంటబట్టింది మరి.

ఆ మధ్యాహ్నమే చిజురుకి కబురొచ్చింది. కసుమిరో యజమానురాలు కురాహషి తొమొయె రమ్మంటున్నారని. ఊళ్ళో అందరూ ఆమెను ఒకామిసాన్ అంటారు. విడిదిని నడిపే ఇల్లాలికి అదే పిలుపు. డెబ్భై దాటినా నడుము నిటారుగా ఉంటుంది. విడుదుల సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే. గొంతు ఎప్పుడూ పెంచదు. పెంచితే బాగుండునని అందరూ అనుకుంటారు.

చిజురు చాప మీద కూర్చుని, నుదురు ఆనించి, "నా వల్ల చాలా తప్పు జరిగిపోయిందండి" అంది.

"లేవండి లేవండి. టీ తీసుకోండి" అంది ఒకామిసాన్. "ఒక పిల్లకి సరిగా వంగడం నేర్పడానికి నాకు మూడేళ్ళు పడుతుంది. మీరు కొన్ని వారాల్లోనే నిలబెట్టేశారు. మీ చేతిలో ఏదో మహత్తు ఉంది."

"నేను మైదానంలోనే వద్దన్నానండి."

"కాళ్ళు రెండు చోట్లా అవే కదమ్మా. నడుమూ అదే." ఆవిడ తన టీ చల్లారనిచ్చింది. "ఒసాకా నుంచి ఒకాయన మేనేజర్‌గా వస్తానంటున్నారు. పెద్ద పేరున్నాయనట. ఆదివారం సాయంత్రం సంఘం కూర్చుంటుంది. అప్పుడు మాట్లాడుకుందామనుకున్నా. ఈ చారు సంగతి చూస్తే ఇవాళే తేల్చేస్తే పోతుందేమో అనిపిస్తోంది."

చిజురుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తలూపి లేచి వెళ్ళిపోవడం ఆమెకి బాగా అలవాటైన పని. ఆ రోజు మాత్రం లేవలేకపోయింది. ఈ కుర్చీ తనకి కావాలి. ఊరికే కావాలని కాదు, ఆకలేసినట్టు కావాలి.

"ఒకామిసాన్, ఒక్క మాట. గదిలో తప్పు జరిగితే, మన క్షమాపణ పూర్తయ్యేదాకా అతిథి కూర్చునే ఉంటారు. అక్కడ ఎవరూ కూర్చోరండి. మనం తల ఎత్తేసరికి బంతి గోల్‌లో ఉంటుంది. ఒక్కసారి మీరు వచ్చి చూడండి. చూశాక కూడా వద్దనిపిస్తే, చొక్కాలు మడతపెట్టి నేనే వెళ్ళిపోతాను."

ఒకామిసాన్ ఆ జట్టుని ఇన్నేళ్ళుగా పోషించింది గానీ ఒక్క ఆటా చూడలేదు. ఆవిడకి ఆదివారం మధ్యాహ్నం అంటే నిద్ర.

"గెలుస్తారా?"

"గెలుస్తామండి." ఏ ధైర్యంతో అన్నదో చిజురుకే తెలియదు.

"అయితే వస్తాను. గెలిస్తే ఒసాకా ఆయన సంగతి ఆలోచిస్తాను. ఓడితే ఆలోచించేదేమీ ఉండదు. చారు మరకలు పోవడం కష్టం, తెలుసా?"

ఆదివారం మబ్బు లేదు. అవతలి జట్టు రేవూరి చేపల ఫ్యాక్టరీ అమ్మాయిలు. రోజంతా యంత్రాల మోతలో పనిచేస్తారు కాబట్టి పక్కనున్నవాళ్ళతో కూడా కేకలేసే మాట్లాడతారు. విడుదుల్లోని అతిథులు స్నానం చేసి, దూది కోట్లు తొడుక్కుని, ఎర్రటి బుగ్గలతో వచ్చి గట్ల మీద కూర్చున్నారు. ఒకామిసాన్ బూడిదరంగు కిమోనోలో, తన మెత్త తనే తెచ్చుకుని వచ్చింది. తీసుకెళ్ళి ఎక్కడో దూరంగా కూర్చోబెడితే పోయేది. జట్టు బెంచీ వెనకే కుర్చీ వేశారు, పెద్దావిడకి మర్యాద అని.

ఆట మొదలైన కాసేపటికి నగిసా కాలు జారి బంతి వదిలేసింది. పరిగెత్తాల్సింది. పరిగెత్తబోయింది కూడా. అంతలో బెంచీ వెనక ఆ బూడిదరంగు కిమోనో కంటబడింది. అంతే, కాళ్ళు దగ్గరికొచ్చాయి, చేతులు తొడల మీదికి జారాయి, ఒకామిసాన్ వైపు తిరిగి నిండుగా వంగింది. ఆమె తల ఎత్తేసరికి రేవూరి జట్టు గోల్ కొట్టి సంబరాలు కూడా ముగించింది.

ఇక అక్కణ్ణుంచి అంటువ్యాధే. పాస్ తప్పితే ఒక దండం, త్రో తప్పితే ఒక దండం. సుజుయో పదేళ్ళుగా కసుమిరోలో పనిచేస్తోంది. ఆమె తప్పేమీ లేకపోయినా, పక్కవాళ్ళు వంగితే మర్యాద కోసం తనూ వంగింది. రేవూరి అమ్మాయి ఒకతి నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఏమే, బంతి వదిలేసి దండాలు పెడుతున్నారేంటే? మీకు ఒంట్లో బాగానే ఉందా?" అని మైదానం ఆ చివరికి వినపడేలా అడిగింది. మదొకా అడ్డంగా, నిలువుగా పడి బంతులు ఆపబట్టి గానీ, లేకపోతే ఆ సగంలోనే ఆట ముగిసిపోయేది.

విరామంలో పిల్లలు గుడారంలో కూర్చుని, తేనెలో ఊరిన నిమ్మచెక్కలు నములుతూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేదు. సాయంత్రం సంఘం కూర్చునేసరికి ఒసాకా ఆయన పేరు ఖాయం. చిజురు తిట్టడానికే నోరు తెరిచింది.

సుజుయో ముందే అంది. "మేమేం కావాలని చెయ్యట్లేదు చిజురుసాన్. ఆవిడ కళ్ళెదురుగా ఉంటే నడుము దానంతటదే వంగిపోతోంది. నేను వద్దంటున్నా వినట్లేదు."

"నాది కూడా" అంది కోహరు. జట్టులో చిన్నది, ముందు వరసలో ఆడుతుంది, పూట పూటా స్నానాల గది కడుగుతుంది. "ఎవరో ఒకళ్ళు ఆవిడకి క్షమించమని చెప్పకపోతే నాకు కాళ్ళు ఆడట్లేదండి."

చిజురు నోరు మూసుకుంది. ఎవరో ఒకళ్ళు చెప్పాలి. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకుంది, వంగినప్పుడు మొహానికి తగలకుండా.

"సరే. అయితే ఆ పని నాది."

"ఏ పనండి?"

"వంగడం. మీలో ఎవరు తప్పు చేసినా, ఆ క్షణమే నేను ఒకామిసాన్‌కి వంగి క్షమాపణ చెప్తాను. మీ అందరి తరఫునా. తక్కువేం చెయ్యను, నిండుగానే వంగుతాను. కాబట్టి ఆ సంగతి అయిపోయినట్టే లెక్క. మీరు వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తండి."

పిల్లలు నమిలే నిమ్మచెక్కలు ఆపేశారు.

"నేను చాలా తప్పులు చేస్తానండి" అంది నగిసా, ముందే హెచ్చరించడం న్యాయమన్నట్టు.

"తెలుసు. నా మోకాలు పాడైంది గానీ నడుముకేమీ కాలేదు. పదండి."

రెండో సగం మొదలైంది. నగిసా మొదటి పాసే తప్పింది. చిజురు గిరుక్కున వెనక్కి తిరిగి, ఒకామిసాన్ ముందు నడుము విరిగేలా వంగింది. "క్షమించండి. తప్పు నాదే." నగిసా ఓరకంట అది చూసింది. చూసి, తన క్షమాపణ తనకంటే బాగా ఎవరో చెప్పేశారని నిశ్చింతగా బంతి వెనక పరిగెత్తి, గుంజుకుని తెచ్చుకుంది.

కుర్చీలో ఒకామిసాన్ ఉలిక్కిపడింది. ఎదుటి మనిషి వంగితే తిరిగి వంగకుండా ఆవిడ ఒక్కసారి కూడా ఉండలేదు. అది మర్యాద కాదు, ఊపిరి. లేచి నిలబడి వంగింది. కూర్చోబోయేలోపు సుజుయో కొట్టిన బంతి పక్క గీత దాటి బయటికి పోయింది. చిజురు మళ్ళీ వంగింది, ఆవిడ మళ్ళీ లేచింది. గట్ల మీది అతిథులకి ఆట రెండు చోట్ల జరుగుతోందని కాసేపటికి అర్థమైంది. బంతి తప్పినప్పుడల్లా మైదానం మానేసి ఇటు తిరిగి, ఇద్దరు ఆడవాళ్ళూ వంగగానే చప్పట్లు కొట్టసాగారు. రిఫరీ ఒకసారి ఆగి ఇటు చూసింది. వంగకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదని గుర్తొచ్చినట్టుంది, ఊరుకుంది.

పిల్లలు మాత్రం ఊపిరి పోసుకున్నారు. తప్పు చేస్తే ఏమవుతుందన్న భయం వదిలేసరికి కొత్త కొత్త తప్పులు చెయ్యడానికి కూడా తెగించారు. అలా తెగించే, ఎప్పుడూ పక్కవాళ్ళకి బంతి అప్పగించే కోహరు, ఒకసారి ఎవరికీ ఇవ్వకుండా దూరం నుంచి ఒక్క తన్ను తన్నింది. గోల్‌కీపర్ చేతికి తగిలి లోపల పడింది. ఆ గోల్ చిజురు కళ్ళారా చూసింది. చెరో గోల్. ఇంకొకటి చాలు.

సమయం దగ్గరపడింది. చిజురుకి నడుము పట్టేసింది. వంగేటప్పుడు కుడిచేత్తో మోకాలు పట్టుకుంటోంది. ఒకామిసాన్ జుట్టు ముడి సడలి చెవి మీదికి జారింది. అప్పుడు నగిసా ఒక మహాతప్పు చేసింది. తన గోల్ ముందే బంతిని గాల్లోకి తన్నబోయి గాలిని తన్నింది. గట్ల మీద అందరూ "అమ్మో" అన్నారు. చిజురు వెనక్కి తిరిగి, ఆ తప్పుకి తగినట్టు, జుట్టు గడ్డికి తగిలేంతగా వంగింది. ఒకామిసాన్ కూడా అంతే లోతుగా వంగింది.

అక్కడ ఇద్దరూ ఇరుక్కుపోయారు.

వెనక నుంచి పరుగుల చప్పుడు వినిపించింది. మదొకా ఏదో అరిచింది. బంతిని ఎవరో గట్టిగా తన్నారు. మళ్ళీ పరుగులు, ఈసారి దూరంగా. ఆ తర్వాత కొండ విరిగిపడ్డట్టు కేకలు.

"చిజురుసాన్" అంది ఒకామిసాన్, వంగినచోటు నుంచే. "ఏదో అయినట్టుంది."

"అవునండి."

"లేచి చూడండి మరి."

"ముందు మీరు లేవండి ఒకామిసాన్. మీకంటే ముందు తల ఎత్తితే ఏం బాగుంటుందండి?"

"యాభై ఏళ్ళ బట్టి, ఎదుటివాళ్ళు లేవకముందు నేను లేచిన పాపాన పోలేదు. ఇవాళ మొదలుపెట్టమంటారా?"

"వద్దండి."

"మరెలాగ?"

ఆ కేకలు ఎవరివో చిజురుకి తెలియదు. రేవూరి వాళ్ళవైతే తన బతుకంతా అక్కడితో సరి. తెలుసుకోవాలంటే తల ఎత్తాలి, ఎత్తాలంటే మర్యాద తప్పాలి. "కలిసి లేద్దామా అండి?" అంది.

"అదేదో ముందే అనచ్చుగా" అంది ఒకామిసాన్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, కొలిచినట్టు, నెమ్మదిగా లేచారు. మైదానం ఆ చివర అమ్మాయిలందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుప్పగా ఉన్నారు. బోర్డు మీద గోల్స్ సంఖ్య మార్చాల్సిన తాతగారు, స్నానాల గది చూసుకునేవాడు, బోర్డు వదిలేసి, అతిథుల చేతులు పట్టుకుని గంతులేస్తున్నాడు. బోర్డు మీద ఇంకా ఒకటి-ఒకటి అనే ఉంది.

"ఆ కుప్పలో ఉన్నది మనవాళ్ళేనా?" అని అడిగింది ఒకామిసాన్.

కుప్ప అడుగు నుంచి పొడుగాటి కాలు ఒకటి బయటికొచ్చింది. ఆ కాలు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. చిజురు అక్కడే గడ్డిలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఈల మోగింది. రెండు, ఒకటి. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆమెకే తెలియలేదు, రెండూ వచ్చాయి.

ఒకామిసాన్ జుట్టు ముడి సరిచేసుకుని, మెత్త దులిపి చంకలో పెట్టుకుంది. "ఆట చూద్దామని వచ్చి మీ నడినెత్తి చూసి వెళ్తున్నా" అంది. "ఒక్క సంగతి అడుగుతాను. ఆ ఒసాకా ఆయన వంగుతాడా?"

"నాకు తెలియదండి."

"నాకు తెలుసు. ఆదాచిగారు వంగేవాడా? ఓడినప్పుడల్లా నా దగ్గరికొచ్చి, పిల్లలకి చురుకు లేదు అని చెప్పేవాడు." ఆవిడ కాసేపు కుప్పలోంచి ఒక్కొక్కళ్ళే లేస్తున్న పిల్లల్ని చూసింది. "మొన్న చారు పడ్డ రోజు, ఆ కోబె పెద్దమనిషి ముందు నేను ఎంతసేపు వంగానో ఎవరైనా చెప్పారా మీకు? చెప్పరు. ఎవరికీ తెలియదు. పిల్ల ఒలకబోస్తే వంగాల్సింది నేను. అది నా పని. ఆ పని ఇంకెవరైనా చేస్తుండగా చూడ్డం ఇదే మొదలు."

చిజురు గడ్డి దులుపుకుని లేచి నిలబడింది.

"సంఘం వాళ్ళకి నేను చెప్పుకుంటాను. వచ్చే ఏడు కుర్చీ అటుపక్క వేయించండి, ఒక్క గోలైనా చూస్తాను. మూడింటికి అతిథులు దిగుతారు, పిల్లల్ని తొందరగా పంపండి మేనేజర్‌గారూ" అని ఆవిడ వెళ్ళిపోయింది.

స్టేషన్ నుంచి అతిథుల్ని తెచ్చే కసుమిరో వ్యానులోనే అందరూ కిక్కిరిసి కూర్చున్నారు. మట్టి, చెమట, నిమ్మకాయ వాసన. చిజురు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"ఇంతకీ ఆ రెండో గోల్ ఎలా పడిందే? నేను చూడలేదు."

వంద తప్పుల్ని నాదంటే నాదని నెత్తిన వేసుకున్న పిల్లలు. నీదేనక్కా, కాదు నీదే అని ఒకళ్ళ మీదికొకళ్ళు తోసుకుంటారని చిజురు అనుకుంది.

"నాది" అంది కోహరు.

"నీదేంటి? బంతి అక్కడిదాకా తెచ్చింది నేను" అంది సుజుయో.

"మీరు తేవడానికి ముందు ఆపిందెవరు సుజుయోసాన్? నేను. మొహంతో ఆపా. చూడండి, ముక్కు వాచింది" అంది మదొకా.

"అసలు నేను గాలిని తన్నబట్టి కదా వాళ్ళందరూ ముందుకొచ్చారు. నేను తన్నుంటే వాళ్ళ గోల్ ఖాళీ అయ్యేదా? ఆ గోల్ నాది" అంది నగిసా, తల వ్యాను కప్పుకి కొట్టుకున్నా లెక్కచెయ్యకుండా.

ఆ తర్వాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. పదకొండు మందీ ఒకేసారి మీదపడి, నాదంటే నాదని, రేవూరి అమ్మాయిల్ని మించి అరుచుకున్నారు. డ్రైవరు అద్దంలోంచి చూసి, ఏమైనా గొడవా అని అడిగాడు. చిజురు లేదన్నట్టు చెయ్యి ఊపి, కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్కళ్ళూ మొదటి నుంచి చెప్పండే అంది.